అడగకుండా ఎవరూ వెళ్ళని లోకం

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. జీతం చేతికిచ్చేటప్పుడు తప్ప అది ఎవరికీ గుర్తురాదు. నక్షత్రశాలలో టికెట్లు కోసే అమ్మాయి దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరూ ఆయన్ని పచ్చమామ అనే పిలుస్తారు. విసుగు హద్దు దాటినప్పుడు ఇంట్లో భార్య కూడా "చాల్లే పచ్చమామా" అంటుంది. అలా అన్న రోజు ఆయన తిండి సగంలో ఆపేసి చెయ్యి కడుక్కుంటాడు.

ఆయన అసలు విద్య కుర్చీలకు గుడ్డ వేయడం. పాత సోఫా ఒకటి ముందు పడేస్తే దాని పొట్ట చీల్చి, లోపలి పీచూ స్ప్రింగులూ బయటికి లాగి, కొత్త స్పాంజి పరిచి, పైన రెక్సిన్ బిగలాగి మేకులు కొడతాడు. చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మీదికి తెచ్చుకుంటూ కొట్టడం ఆ పనిలో అలవాటు. నోట్లో మేకులున్నవాడికి మాటలెక్కడివి? అందుకని మితభాషి అనీ, నిమ్మళమైన మనిషనీ పేరొచ్చింది. అలాంటివాడు ఒక లోకానికంతటికీ దేవుణ్ణీ, మడినీ, మర్యాదనూ కల్పించి కూర్చున్నాడంటే వినేవాళ్ళు ముక్కు మీద వేలేసుకుంటారు. కూర్చున్నాడని నోరు జారాను. కూర్చోలేకపోవడం దగ్గరే కదా ఇదంతా మొదలైంది.

నక్షత్రశాల కొత్తగా కట్టినప్పుడు సీట్లన్నిటికీ గుడ్డ వేసే పని ఆయనకు దొరికింది. గుండ్రటి గదిలో పడుకున్నట్టుండే కుర్చీలు, పైకప్పు మీద చుక్కలు. ఒక ఆట అయ్యి ఇంకో ఆట మొదలయ్యేదాకా బయటి హాల్లో పిల్లలు అరిచి గోల చేయకుండా, వాళ్ళను ఆడించడానికి చుక్కల్లోని పైలోకం నుంచి వచ్చినవాడి వేషంలో ఒకడు ఉండాలని మేనేజరు ఆలోచన. ఆ ఆకుపచ్చ వేషం కుట్టే పని పచ్చమామ బావమరిదికి వచ్చింది. బావమరిది దర్జీ, మంచి పనివాడే, కానీ తన తెలివి మీద తనకు మరీ మక్కువ. ముందువైపు జిప్పు ఉంటే అందం చెడుతుందని వీపు మీద పెట్టాడు. మోకాళ్ళ దగ్గర కీలు పెడితే మనిషి కాళ్ళలా కనిపిస్తాయని స్తంభాల్లా స్పాంజి దట్టించాడు. నోరు గీశాడు కానీ తెరవలేదు, మాట వినపడటానికి అక్కడో సన్నని గొట్టం పెట్టాడు. కళ్ళ చోట సన్నని వల వేశాడు. తొడుక్కున్నవాడు తనంతట తాను బయటికి రాలేడన్న సంగతి అన్నీ అయిపోయాక గానీ ఆ మహానుభావుడికి తట్టలేదు.

తొడుక్కోవలసిన నటుడు ప్రారంభం రోజున పత్తా లేడు. అతిథులు వచ్చేస్తున్నారు. మేనేజరుకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. చివరి వరస సీటుకు ఆఖరి మేకులు కొడుతున్న పొడుగాటి మనిషి ఆయన కంటపడ్డాడు. ఈ ఒక్క రోజుకే అని బతిమాలాడు. బావమరిది పని పదిమందిలో చెడిపోకూడదని మన మనిషి నోట్లో మేకులు ఊసేసి సరేనన్నాడు. ఆ ఒక్క రోజు ఇంకా అవలేదు. అప్పుడు చంకలో ఉన్న పిల్లలు ఇప్పుడు బడి నుంచి వరసగా నడిచి వస్తున్నారు.

మొదట అడిగినవాడు బొద్దుగా ఉన్న ఒక కుర్రాడు. పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నావు, కూర్చోవెందుకు అని నిలదీశాడు. మోకాళ్ళ దగ్గర స్పాంజి మడతపడదని చెప్పడానికి పచ్చమామకు మనసొప్పలేదు. మా లోకంలో కూర్చోకూడదు, కూర్చున్నవాడు తను ఎక్కడి నుంచి వచ్చాడో మర్చిపోతాడు అన్నాడు. నోటి దగ్గరున్న గొట్టంలోంచి ఆ మాట బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. కుర్రాడు వెంటనే తను కూర్చున్న బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు. హాల్లో పిల్లలంతా లేచారు. పచ్చమామకు లోపల చెమటలు కారిపోతున్నాయి గానీ ఒక చిత్రమైన సంతోషం కూడా కలిగింది. పుట్టి బుద్ధెరిగాక తన మాట మీద పదిమంది లేచి నిలబడటం అదే మొదలు.

ఆ తర్వాత ప్రతి ఇబ్బందికీ ఒక నియమం పుట్టుకొచ్చింది. వేషం తలకాయ సరిగ్గా బిగించలేదు, ఎవరైనా లాగితే ఊడొస్తుంది. అందుకని మా తల మాది కాదు, మా అమ్మది, ఆవిడ ఎప్పుడడిగితే అప్పుడు తిరిగివ్వాలి, పరాయివాళ్ళు ముట్టుకోకూడదు అన్నాడు. ఒక పాప బిస్కెట్టు పెట్టబోతే, ఒకరు చూస్తుండగా తినడం మాలో సిగ్గుమాలిన పని, మీరు తలుపేసుకుని స్నానం చేస్తారే, అలాగ అన్నాడు. పాప సిగ్గుపడి బిస్కెట్టు వెనక దాచుకుంది. ముక్కు దురద పెడితే గోక్కునే దారి లేక తల అడ్డంగా ఊపుతూ ముక్కును స్పాంజికేసి రాసుకునేవాడు. అదేమిటని అడిగితే ప్రార్థన అన్నాడు. మేము దేవుణ్ణి ఏమీ అడగం, నాకేమీ వద్దు, నాకేమీ వద్దు అని తల ఊపి వచ్చేస్తాం అన్నాడు. ఇంతకూ మీ దేవుడెవరని పిల్లలు ఊరుకుంటారా? వాళ్ళ గోలకు ఆయన తల బద్దలవుతోంది. మా దేవుడు పసివాడు, ఇప్పుడే నిద్రపట్టింది, గట్టిగా మాట్లాడకండి అన్నాడు. అంత పెద్ద హాలూ గుసగుసల్లోకి దిగిపోయింది. ఇంట్లో పసిపిల్లలున్న తల్లులు ఆ దేవుణ్ణి చప్పున నమ్మేశారు.

ఇక పెంపకం సంగతి. చిన్నప్పుడు మీ అమ్మ నిన్ను కొట్టేదా అని ఎవడో ఒకడు రోజూ అడిగేవాడు. మాలో ఎవరి పిల్లల్ని వాళ్ళు పెంచరు, పక్కింటివాళ్ళు పెంచుతారు, పరాయి పిల్లల మీద చెయ్యి చేసుకోవడానికి ఎవరికైనా మొహమాటంగా ఉంటుంది కదా అనేవాడు. ఏడ్చే పిల్లలకు మీ లోకంలో ఏం శిక్ష అంటే, శిక్షేమీ లేదు, ఏడ్చేవాళ్ళ పక్కన ఇంకొకరు వచ్చి నిలబడాలి, అంతే, అనేవాడు. ఇంటికి వెళ్ళి ఇవన్నీ చెప్తే భార్య పడీ పడీ నవ్వేది. తమ్ముడి దర్జీ కొట్లో చొక్కాలకు కాజాలు కుట్టే మనిషి ఆవిడ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాతో ఇన్ని మాటలు మాట్లాడలేదు, ఆ తొడుగు ఇంటికి తెచ్చుకో అనేది. నవ్వుతూనే అనేది, మొదట్లో.

మేనేజరు చెవికి ఈ సంగతి చేరింది. పిల్లలు గుసగుసగా మాట్లాడే హాలు ఎక్కడైనా ఉందా అని ఆయన పొంగిపోయాడు. పెయింటర్ని పిలిపించి, పచ్చమామ లోకపు కట్టుబాట్లన్నీ గోడ మీద పెద్దపెద్ద అక్షరాలతో రాయించాడు. చుట్టూ చుక్కలూ తోకచుక్కలూ వేయించాడు. ఆ రంగు ఆరిన రోజే పచ్చమామ పని అయిపోయిందని చెప్పాలి. అంతకుముందు కాస్త అటూ ఇటూ చేసుకునే వీలుండేది. ఇప్పుడు అదంతా గోడకెక్కింది. ఒకసారి జ్వరంతో వచ్చి గోడకు వీపు ఆనించి కాస్త జారగిలబడ్డాడు. వెంటనే ఒక టీచరమ్మ గోడ చూపించి, మామగారూ, మీవాళ్ళు కూర్చోరు కదా, పిల్లలు చూస్తున్నారు అని మెత్తగా మందలించింది. ఆయన నిటారుగా లేచి నిలబడ్డాడు. ఒళ్ళు మండిపోయింది. తను నోటితో చెప్పిన మాటే ఇప్పుడు తన కాళ్ళను పట్టుకుంటోంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

జిప్పు సంగతి మరీ ఘోరం. అది టికెట్లమ్మాయి తీయాలి. ఆ అమ్మాయి కిటికీ దగ్గర వరస తగ్గితే గానీ లేవలేదు. వెనక గదిలో గోడకేసి తిరిగి, ఎప్పుడొస్తుందా అని ఆయన ఎదురుచూస్తుండేవాడు. చెమట వీపు మీద కారి నడుము దగ్గర గుంటకట్టేది. ఒంటికి గాలి తగలాలన్నా, ఇంకో పనికి వెళ్ళాలన్నా ఆ అమ్మాయి వేళ్ళు రావాలి. ఎంతటి మనిషైనా ఇంకొకరి వేళ్ళ కోసం వీపు చూపించి నిలబడితే లోపల ఏదో చచ్చిపోతుంది. ఆయనకూ చచ్చిపోయింది. స్పాంజి పొడి ఊపిరిలోకి వెళ్ళి దగ్గు పట్టుకుంది. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి విని, ఏం పని చేస్తావని అడిగాడు. ఆయన చెప్పలేక కుర్చీలకు గుడ్డ వేస్తానన్నాడు. అయితే కొన్నాళ్ళు ఆ పని మానెయ్ అన్నాడు డాక్టరు. మానేసి చాలా కాలమైంది పాపం.

గార్డు కూతురి గురించి చెప్పాలి. నక్షత్రశాల గేటు దగ్గర కాపలా ఉండే గార్డుకు ఒక్కతే పిల్ల. బడి వదలగానే నేరుగా ఇక్కడికి వచ్చి, నాన్న డ్యూటీ దిగేదాకా హాల్లోనే ఉంటుంది. గోడ మీదున్నవీ లేనివీ పచ్చమామ చెప్పిన కట్టుబాట్లన్నీ ఆ పిల్లకు కంఠతా వచ్చు. కొత్తగా వచ్చిన పిల్లలకు చిలక్కి చెప్పినట్టు చెప్పేది. ఆయన పొరపాటున ఒకదానికి ఇంకోటి చెప్తే పక్కకు వచ్చి, మామా, మొన్న అలా చెప్పలేదు అని గుర్తుచేసేది. ఆయన మొహం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. వెనక తలుపు నుంచి వచ్చి వెనక తలుపు నుంచే పోతాడు. లోపల మనిషున్నాడని అంత పిల్లకు తెలియదా అంటే, తెలిసే ఉండాలి. తెలిసినట్టు మాత్రం ఎప్పుడూ కనిపించలేదు.

ఒకరోజు ఆ పిల్ల ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఎవరితోనూ ఆడకుండా స్తంభం పక్కన ఉండిపోయింది. పిల్ల తల్లి ఇల్లు విడిచి వెళ్ళిపోయిందని టికెట్లమ్మాయి జిప్పు పెడుతూ చెప్పింది. పొద్దున పిల్లకు తల దువ్వి బడికి పంపి, సాయంత్రానికి లేదట. ఎక్కడికో, ఎవరితోనో, ఎందుకో ఎవరికీ తెలియదట. పచ్చమామ వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడ్డాడు. ఏడ్చేవాళ్ళ పక్కన ఇంకొకరు నిలబడాలి కదా మరి. పిల్ల తలెత్తి అడిగింది.

"మామా, మీ లోకంలో అమ్మలు చెప్పకుండా వెళ్ళిపోతారా?"

పచ్చమామ వల వెనక కళ్ళు మూసుకున్నాడు. నోటికి వచ్చింది చెప్పేశాడు.

"లేదమ్మా. మా లోకంలో అడగకుండా ఎవరూ వెళ్ళరు. వెళ్ళాలనుకున్నవాళ్ళు అందరి దగ్గరికీ వచ్చి వెళ్ళనా అని అడగాలి. ఒక్కరు వద్దన్నా ఆగిపోవాలి."

"చిన్నపిల్లలు వద్దన్నా?"

"చిన్నపిల్లలు వద్దంటే అసలు కదలకూడదు."

పిల్ల తల ఊపింది. మేనేజరు ఆ మాట వినలేదు గానీ పిల్ల హాలంతా చెప్పింది. పెయింటరు మళ్ళీ వచ్చి గోడ మీద మిగిలిన కాస్త చోటులో అదీ రాసిపోయాడు.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళి మంచం మీద వాలాక, ఆ మాట తనకు ఎక్కడిదో పచ్చమామకు అర్థమైంది. అర్థమై లేచి కూర్చున్నాడు. అది కల్పించింది కాదు. వాళ్ళ నాన్న ఇంటిది. నాన్న మిల్లులో హాజరు వేసే ఉద్యోగి, ఇంటినీ మిల్లులాగే నడిపేవాడు. పిల్లలెవరైనా గడప దాటాలంటే తాతనూ, నాన్ననూ, బాబాయినీ, మేనత్తనూ వరసగా అడగాలి. ఒక్కరు వద్దంటే ముందుగదిలో బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చోవాలి. మేనత్తకు కారణమంటూ ఉండేది కాదు, తన వంతు వచ్చింది కాబట్టి వద్దనేది. వీధిలో పిల్లల కేకలు కిటికీలోంచి వినపడుతుండేవి. బల్ల మీద కూర్చున్న పిల్లవాడు లోలోపలే కుమిలిపోయేవాడు. మీసాలొచ్చే వయసులో ఒక తెల్లవారుజామున ఎవరినీ అడగకుండా గడప దాటి, సోఫాల కొట్లో పనికి చేరాడు. ఇక జన్మలో ఎవరినీ అడిగేది లేదని ఒట్టు పెట్టుకున్నాడు. ఏ గడప దాటలేక అంత ఏడ్చాడో ఆ గడపనే మోసుకొచ్చి ఇంకో లోకానికి బిగించాడు. కొత్త లోకం చెయ్యి అని ఎవరైనా ఒప్పజెప్తే మనం చేసేది ఇంతే కాబోలు. చుక్కలు మాత్రమే మారతాయి.

దగ్గు ముదిరింది. రాత్రిళ్ళు భార్య లేచి కూర్చుని వీపు రాసేది. ఇక నవ్వడం మానేసింది. తమ్ముడి చెవిలో జోరీగలా పోరి, అతనికి తెలిసినవాళ్ళ ద్వారా బస్సు డిపోలో సీట్లకు గుడ్డ వేసే ఉద్యోగం ఒకటి చూపించింది. గాలీ వెలుతురూ ఉన్న షెడ్డు, కూర్చుని చేసే పని. కూర్చుని అన్న మాట వినగానే పచ్చమామకు కళ్ళు చెమ్మగిల్లాయి. వచ్చే సోమవారం చేరాలి, చేరకపోతే ఇంకొకడు కాచుకుని ఉన్నాడు.

మేనేజరు అంత తేలిగ్గా వదుల్తాడా? ముందు వేరేవాణ్ణి పెట్టి చూద్దామన్నాడు. కాలేజీ చదువు మానేసిన ఒక పొడుగాటి అబ్బాయికి వేషం వేశారు. వాడు తొలి గంటలోనే ఫోటో కోసం బెంచీ మీద అడ్డంగా వాలాడు. ఇంకో గంటకు తలకాయ తీసి చంకలో పెట్టుకుని నీళ్ళు తాగాడు. పిల్లలు గొల్లుమన్నారు. గార్డు కూతురు మాత్రం ఏడవలేదు, మేనేజరు గది తలుపు తట్టి ఈయన పచ్చమామ కాదని చెప్పి వెళ్ళిపోయింది. మేనేజరు తల పట్టుకున్నాడు. చివరికి ఒక ఉపాయం ఆలోచించాడు. పచ్చమామ తన లోకానికి తిరిగి వెళ్తున్నాడని అందరికీ చెబుతారు. ఆయన బదులు తమ్ముడు వస్తాడు. తమ్ముడు వేరే ఊళ్ళో పెరిగాడు కాబట్టి అప్పుడప్పుడు కాస్త వాలతాడు. వెళ్ళేముందు పచ్చమామ గోడ మీద రాసినట్టే అందరినీ పేరుపేరునా అడిగి సెలవు తీసుకుంటాడు. ఆ సెలవు పండగలా జరగాలి, హాలు నిండాలి. అది చేసిపెడితే నీ దారిన నువ్వు పో అన్నాడు. పచ్చమామ ఒప్పుకున్నాడు. ఇక్కడి నుంచి బయటపడేస్తే ఆయన దేనికైనా ఒప్పుకునేవాడు.

ఆదివారం సాయంత్రం హాలు కిక్కిరిసింది. టీచర్లు పిల్లలకు ముందే నేర్పి తెచ్చారు. వెళ్ళనా అని ఆయన అడిగితే వెళ్ళిరండి అనాలి. ఒక్కొక్క వరస దగ్గరికీ స్తంభాల్లాంటి కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళాడు. వెళ్ళనా? వెళ్ళిరండి. వెళ్ళనా? వెళ్ళిరండి. ఒక వరస దాటినప్పుడల్లా గుండె మీద బరువు కాస్త దిగింది. తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది. చేతిసంచిలో ఉతికి మడిచిన చొక్కా ఉంది. పక్కన బావమరిది, బావ ఎంత పెద్దమనిషయ్యాడో చూడండన్నట్టు జనాన్ని చూస్తున్నాడు. మొదటిసారి జిప్పు భార్య తీస్తుందని పొద్దున్నే అనుకున్నారు.

అన్ని వరసలూ అయిపోయాయి. మేనేజరు చప్పట్లు మొదలుపెట్టాడు. తల తిప్పేసరికి వలలోంచి స్తంభం పక్కన గార్డు కూతురు కనపడింది. ఏ బడి వరసలోనూ లేదు కాబట్టి ఎవరూ దానికి ఏమీ నేర్పలేదు. ఆ పిల్లను దాటి వెళ్ళిపోవచ్చు. చప్పట్లలో ఎవరూ గమనించరు. మేనేజరు కూడా రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. అదే మాట కాళ్ళకు చెప్పి చూశాడు. కాళ్ళు వినలేదు. మెల్లగా స్తంభం దగ్గరికి నడిచాడు. చప్పట్లు ఆగిపోయాయి.

"వెళ్ళనా అమ్మా?"

పిల్ల ఆయన్ని కాదు, గోడ వైపు చూసింది. మళ్ళీ ఆయన వైపు తిరిగింది.

"నేను వద్దంటే ఆగిపోతావా మామా? నిజంగా?"

"ఆగిపోతాను."

"మా అమ్మ నన్ను అడగలేదు. అడిగుంటే ఇదే చెప్పేదాన్ని. వద్దు."

హాలంతా నవ్వింది. ఎవరో ఈల కూడా వేశారు. మేనేజరు ఎంత తెలివైనవాడంటే, ఆ నవ్వు తగ్గకముందే మైకులో ఆట సమయమైందని చెప్పి అందరినీ చుక్కల గదిలోకి తోలేశాడు. పిల్ల ముద్దుగా అంది, అంతే, నువ్వు పద అని పచ్చమామ వీపు తట్టి వెనక గదిలోకి తీసుకుపోయాడు. భార్య జిప్పు తీసింది. ఆయన బయటికి వచ్చాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నాడు. తొడుగును కొక్కేనికి తగిలించారు. ఖాళీగా వేలాడుతుంటే అది నిజంగా చిన్నదిగా కనపడింది.

"చిన్నపిల్ల. రేపటికి మర్చిపోతుంది" అంది భార్య.

ఆయన అవునన్నాడు. ఆ మాట నమ్మాలని ఎంతగానో ప్రయత్నించాడు. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి ముందు గేటు నుంచి నడిచాడు. చల్లటి గాలి మొహానికి కొట్టింది. దగ్గు రాలేదు. రోడ్డు కనపడుతోంది, రోడ్డు చివర బస్టాపు కనపడుతోంది. రేపటి షెడ్డూ, మేకులూ, కూర్చోవడానికి ఒక పీటా అన్నీ కళ్ళ ముందు కనపడ్డాయి. భార్య చెయ్యి పట్టుకుంది. చాలా కాలానికి ఆవిడ మొహం తేటపడింది.

గేటు పక్కన గార్డు సంచి సర్దుకుంటున్నాడు, డ్యూటీ దిగిపోయింది. కూతురు స్టూలు పక్కన నిలబడి ఉంది, స్టూలు మీద కూర్చోలేదు. తెల్ల చొక్కా వేసుకుని పక్కనుంచి పోతున్న మనిషిని చూసింది, మనుషుల్ని చూసినట్టే చూసింది, మళ్ళీ హాలు తలుపు వైపు కళ్ళు తిప్పుకుంది. పదమ్మా ఇంటికి అన్నాడు తండ్రి.

"ఉండు నాన్నా. మామ ఆగాడో లేదో చూసొస్తా."

ఆ మాటలో అనుమానం లేదు. ఆగే ఉంటాడు, ఒక్కసారి చూసి వచ్చేద్దాం అన్నట్టుంది. పిల్ల మెట్ల వైపు తాపీగా నడిచింది.

పచ్చమామ అడుగు ముందుకు పడలేదు. భార్య చెయ్యి లాగింది. ఒకసారి లాగి, ఆయన మొహం చూసి, లాగడం ఆపేసింది. ఆ మొహంలో ఏముందో గాని ఆవిడకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

"సోమవారం..." అంది.

"నాకు తెలుసే" అన్నాడు. అని, నాన్న ఇంట్లో బల్ల మీద కూర్చున్నప్పటి గొంతుతో అడిగాడు. "వెళ్ళనా?"

ఆవిడ వద్దంటే ఆగేవాడే. ఆవిడకూ ఆ సంగతి తెలుసు. రెండో చేతిలోని ఖాళీ సంచి నలిపింది. తర్వాత చెయ్యి వదిలేసింది.

పక్క సందులోంచి పరుగెత్తాడు. దగ్గు ముంచుకొచ్చినా ఆగలేదు. వెనక గదిలో టికెట్లమ్మాయి దీపం ఆర్పి తాళం వేయబోతోంది. ఆయన మాట్లాడకుండా కొక్కెం మీది తొడుగు దింపి, ఉతికిన చొక్కా మీదే కాళ్ళూ చేతులూ దూర్చి, గోడకేసి తిరిగి వీపు చూపించి నిలబడ్డాడు.

"జిప్పు పెట్టమ్మా" అన్నాడు.